వరసల మేడంగారి వంశవృక్షం

ఆవిడకి ఉన్నది ఒక్కటే జబ్బు. కనిపించిన ప్రతి మనిషితోనూ వరస కలిపేది. ఆవిడ పక్కన రెండు నిమిషాలు కూర్చుంటే చాలు, మీరు ఆవిడకి బాబాయో, వదినో, వేలువిడిచిన మేనత్తో అయిపోయి లేవాల్సిందే. పళ్ళ డాక్టరు ఒకాయన ఆవిడ నోట్లో పనిముట్లు పెట్టి ఉంచాడు కాబట్టి క్షేమంగా బయటపడ్డాననుకున్నాడట. పనిముట్లు తీయగానే ఆవిడ పుక్కిలించి, "నొప్పి తెలియలేదు అన్నయ్యా" అంది. ఆవిడ నుంచి తప్పించుకున్నవాళ్ళు లేరు. ఒకే ఒక్కడు ఇరవై రెండేళ్ళు ఎదురు నిలబడ్డాడు. ఆయన దగ్గరికి వస్తాను.

చాటున అందరూ 'వరసల మేడం' అనేవాళ్ళు. పత్రికలు మాత్రం 'ప్రఖ్యాత శిలీంధ్ర శాస్త్రవేత్త' అని రాసేవి. శిలీంధ్రాలంటే ఏవో మహిమలు కావు. రొట్టె మీద బూజు, చెప్పుల మీద బూజు, కర్ర మీద లేచే పుట్టగొడుగు, ఆ కుటుంబమంతా కలిపి ఆ పేరు. ఏ బూజుకి ఏ బూజు ఏమవుతుందో తేల్చడమే ఆవిడ ఉద్యోగం. అంటే పగలంతా బూజులకి వరసలు కలిపేది, దారిలో మనుషులకి కలిపేది. మధ్యలో సెలవు తీసుకునేది కాదు.

నాది బైండింగ్ షాపు. చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. ఆ తర్వాత చదివిందంతా బైండింగుకి వచ్చిన పుస్తకాల్లోంచే. అందువల్ల నాకు ప్రతి విషయమూ కాస్త కాస్త తెలుసు గానీ, ఏదీ ఆఖరి అధ్యాయం దాకా తెలీదు. అక్కడికి వచ్చేసరికి సొంతదారు వచ్చి పుస్తకం పట్టుకుపోయేవాడు.

ఒక వానాకాలం మధ్యాహ్నం ఆవిడ తడిసిన గొడుగు గుమ్మంలో పెట్టి లోపలికొచ్చింది. అప్పటికి ఆవిడకి నలభై ఏళ్ళుంటాయి, నాకు ఇరవై ఎనిమిది.

"మీ దగ్గర బూజు పట్టిన పుస్తకాలేమైనా ఉన్నాయా అండీ?"

నాకు చురుక్కుమంది. "మా షాపులో బూజా? అలాంటివేం లేవండి."

"అయ్యో, లేవా?" అని మొహం చిన్నబుచ్చుకుంది. అంతటితో ఊరుకోలేదు. తిన్నగా వెనక అల్మరా దగ్గరికి వెళ్ళి పుస్తకాలు ఒక్కొక్కటే తీసి వాసన చూడటం మొదలుపెట్టింది. తొమ్మిదో పుస్తకం దగ్గర ఆగి, "ఇదిగో! ఉంచుకునే లేదంటారేం?" అంది, నేనేదో బంగారం దాచినట్టు.

సంచీలోంచి భూతద్దం తీసి చాలాసేపు చూసింది. "మీ జిగురు దేంతో చేస్తారు?"

"పిండితోనండి. పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతాను."

"మైలుతుత్తం కలిపినా తింటోందంటే ఇది మామూలు పిల్ల కాదు" అంది, ఎంతో గర్వంగా. తర్వాత నా చేతిలోని సూదీదారం చూసింది. "మా నాన్న గొడుగులు బాగుచేసేవాడండీ. ఆయనా ఇలాగే, సూది ఈ వేలికీ ఈ వేలికీ మధ్య పట్టుకునేవాడు. ఇద్దరిదీ దారమే, ఇద్దరిదీ గుడ్డే. అంటే మీరు ఆయనకి తమ్ముడి వరస. నాకు బాబాయి."

"నేను మీకంటే పన్నెండేళ్ళు చిన్నవాణ్ణండి!"

"వరసకీ వయసుకీ ఏం సంబంధం బాబాయ్? ఈ పుస్తకం రేపు మా లాబొరేటరీకి తెచ్చిపెట్టు."

వరస కలవగానే 'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయింది. "నువ్వు కూడా నన్ను అమ్మాయ్ అనాలి మరి" అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. నేను ఇరవై ఏళ్ళు ప్రయత్నించాను. అంత పెద్దావిణ్ణి 'అమ్మాయ్' అనడానికి నోరు తెరిచేవాణ్ణి, 'మేడం' అనో 'అమ్మా' అనో బయటికొచ్చేది.

మర్నాడు పుస్తకం పట్టుకుని పరిశోధనాలయానికి వెళ్ళాను. గేటు దగ్గర ఒకాయన, ఇస్త్రీ మడత చెదరని యూనిఫారంలో, రిజిస్టరు ముందు కూర్చున్నాడు. ఆయన సొంత పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ 'తాలూకా'గానే తెలుసు. ఎందుకో నాకు అప్పుడే తెలిసింది.

"ఎవరి తాలూకు?"

"మేడంగారు పుస్తకం తెమ్మన్నారండి."

"ఏం తెచ్చావని అడగలేదు. ఎవరి తాలూకు అని అడిగాను. ఇక్కడ కాలమ్ ఉంది, నింపాలి."

వెనకనుంచి ఆవిడ గొంతు వినిపించింది. "మా బాబాయి, మామయ్యా. లోపలికి పంపించు."

ఆయన నన్ను చూశాడు, ఆవిణ్ణి చూశాడు. "ఈయన మీకు బాబాయా?"

"ఊఁ."

"సరే, అది మీ ఇష్టం. నన్ను మాత్రం మామయ్య అనకండి మేడం. డ్యూటీలో చుట్టరికాలు లేవు. కార్డు."

"నిన్న చూశావుగా?"

"నిన్నటిది నిన్న."

ఆవిడ మెళ్ళో కార్డు తీసి చూపించింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని, ఫొటో చూసి, మొహం చూసి, వెనక్కి తిప్పి అక్కడున్న ముద్ర కూడా చూసి, "వెళ్ళండి" అన్నాడు. "ఆ గొడుగు ఇక్కడ పెట్టి వెళ్ళండి. తడి గొడుగులు లోపలికి రావు. రూలు."

ఆవిడ ఆయనకి కలిపిన వరస మేనమామ. గొంతు అచ్చం ఆవిడ అమ్మ తమ్ముడి గొంతేనట. ఆ గొంతుతో "మామయ్యని కాను" అన్నా కూడా ఆవిడకి మామయ్య మాట్లాడినట్టే ఉండేదట. రోజూ పొద్దున్న "మామయ్యా, కులాసానా?" అనేది. రోజూ ఆయన "కార్డు" అనేవాడు. నేను లెక్క వేశాను: ఇరవై రెండేళ్ళలో సెలవులు పోను సుమారు ఆరువేల సార్లు. అంత పట్టుదల ఇద్దరిలో ఎవరిది ఎక్కువో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆవిడ గదిలో మొదటిసారి మైక్రోస్కోపులో కన్ను పెట్టినప్పటి సంగతి చెప్పాలి. నా పుస్తకం మీది బూడిద మచ్చ, నేను గుడ్డతో తుడిచి పారేసే మచ్చ, అందులో ఒక తోటయి కనపడింది. గాజుతో చేసినట్టున్న కాడలు, కాడ చివర ముత్యాల గుత్తులు, ఆ గుత్తుల మీద వెలుగు. నేను ఊపిరి బిగబట్టాను, గట్టిగా వదిలితే ఎగిరిపోతాయేమోనని.

"ఎన్ని తరాలుగా ఉన్నారమ్మా వీళ్ళు?" అన్నాను. 'వీళ్ళు' అన్నానని తర్వాత తెలిసింది.

"భూమ్మీద చెట్టు అనేది లేనప్పటి నుంచి, బాబాయ్. ఇంకో సంగతి చెప్పనా? ఎక్కడో చాలా వెనక, మనకీ వీళ్ళకీ ముత్తవ్వ ఒకతే. చెట్టుకంటే బూజే మనకి దగ్గర చుట్టం."

"బూజా?"

"వేలువిడిచిన వరస. కానీ చుట్టమే."

ఆ సాయంత్రం షాపుకొచ్చి, తుడుపు గుడ్డ పట్టుకుని ఆ అల్మరా ముందు చాలాసేపు నిలబడ్డాను. చివరికి తుడిచాననుకోండి, షాపు నడవాలిగా. కానీ ముందు క్షమాపణ చెప్పుకున్నాను.

ఆ గదిలో బీరువాకి అడుగున ఒక సొరుగుండేది. మీద 'ఇతరములు' అని చీటీ. ఏ కుటుంబానికి చెందుతాయో తెలియని బూజుల్ని పాతికేళ్ళపాటు ఎవరెవరో అందులో పడేసి వెళ్ళారు. రెండువందల పద్నాలుగు గాజు గొట్టాలు. ఆవిడ ఉద్యోగంలో చేరినరోజున "అది చెత్త, ఏడాది చివర్న పారేస్తాం" అన్నారట పైవాళ్ళు. ఆవిడ తాళంచెవి అడిగి తీసుకుని మళ్ళీ ఇవ్వలేదు.

'ఇతరములు' అన్న మాటంటే ఆవిడకి ఒళ్ళుమంట. "చుట్టాలు లేనిది ఏదీ ఉండదు బాబాయ్. చూసేవాళ్ళకి ఓపిక లేక ఆ మాట రాస్తారు" అనేది. ఇరవై ఏడేళ్ళు పట్టింది. ఒక్కొక్క గొట్టం సొరుగులోంచి తీసి, దాని అక్కని, దాని మేనత్తని వెతికి పట్టుకుని, పై అరల్లో వాళ్ళవాళ్ళ మధ్య పెట్టింది. ఆఖరి గొట్టం పైకెక్కిన రోజు ఎక్కడెక్కడి శాస్త్రవేత్తలో ఫోన్లు చేశారు. ఆవిడ ఖాళీ సొరుగులో తన లంచ్ బాక్స్ పెట్టుకుంది.

దానికే ఆ పెద్ద పతకం వచ్చింది. ఊళ్ళోకెల్లా పెద్ద హాల్లో సభ అన్నారు. సభలో ఆవిడ జీవితచరిత్ర ఆవిష్కరణ అన్నారు. బైండింగు నాకిచ్చారు.

చరిత్ర రాసింది ఒక రిటైరైన చరిత్ర మేష్టారు. అంతకుముందు నలుగురు గొప్పవాళ్ళ జీవితాలు రాసి, నలుగురి ముత్తాతల్నీ నిద్రలేపిన మనిషి. సభ ఇంకా తొమ్మిది రోజులుందనగా మా షాపుకొచ్చి స్టూలు మీద కూలబడ్డాడు.

"మొదటి ఫారం ఖాళీగా ఉందయ్యా!"

మా వృత్తిలో ఫారం అంటే ఒక్క పెద్ద కాగితం మడిస్తే వచ్చే పదహారు పేజీలు. మిగతా ఫారాలన్నీ అచ్చయి, మడతలు పడి నా దగ్గరికి వచ్చేశాయి, పదిహేడో పేజీ నుంచి. మొదటి పదహారూ 'కుటుంబ నేపథ్యం, పూర్వీకులు' అన్న అధ్యాయానికి వదిలాడు మేష్టారు. అది లేకపోతే నేను కుట్టు మొదలుపెట్టలేను.

"అడగలేదా సార్ ఆవిణ్ణి?"

"అడగకేం? మీ తండ్రిగారెవరమ్మా అన్నాను. గొడుగులు బాగుచేసేవాడు అంది. తాతగారు? ఆయనా గొడుగులే. ముత్తాతగారు? 'అప్పటికి గొడుగులు వచ్చాయో లేదో తెలీదు, వస్తే మాత్రం గొడుగులే' అంది. ఒకటిన్నర లైనయ్యా! పదహారు పేజీల్లో ఒకటిన్నర లైను! ఇంకేమైనా చెప్పమ్మా అంటే, 'పుట్టగొడుగుల మనిషికి గొడుగుల వంశం చాలదా పెదనాన్నా?' అంది."

"మీరు పెదనాన్నయ్యారన్నమాట."

"అయ్యాను. ఎలా అయ్యానో తెలీదు" అని సంచీలోంచి ఒక పెద్ద చార్టు కాగితం తీశాడు. "చుట్టాలందరి పేర్లూ రాసిమ్మంటే ఇది ఇచ్చింది. నలభై మూడు మంది. వాళ్ళకి తోడు నన్నూ, వాళ్ళ పరిశోధనాలయం డైరెక్టరుగారినీ ఆవిడ పిలిచే వరసలతో నేనే కలిపి చెట్టు గీశాను. చూడు."

కటింగ్ మిషను బల్ల మీద పరిచాం. అంత గుబురు చెట్టు నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు.

"ఒక మనిషికి తాతలు ఎంతమందయ్యా?"

"ఇద్దరండి."

"ఈవిడకి ఐదుగురు. మేనమామలు ఏడుగురు. సరే, ఈ గీత పట్టుకుని వెళ్ళు. కాంటీన్ ముసలాయన ఆవిడకి తాత. డైరెక్టరుగారు ఆవిడకి తమ్ముడు. అంటే?"

"డైరెక్టరుగారు కాంటీన్ తాతకి మనవడు."

"ఇటు చూడు. బైండింగ్ బాబాయి."

"నేనేనండి."

"నువ్వు డైరెక్టరుగారికి కూడా బాబాయివి."

నేను కూడా కూర్చున్నాను. షాపులో రెండో స్టూలు లేదు, కాగితాల కట్ట మీద కూర్చున్నాను.

"ఇంకోటి చెప్పనా?" అన్నాడు మేష్టారు గొంతు తగ్గించి. "నేను పెదనాన్నని, నువ్వు బాబాయివి. నువ్వు నా తమ్ముడివయ్యా."

"అయితే టీ తెప్పించనా అన్నయ్యా?"

"తెప్పించు. పంచదార తక్కువ."

దానికి రెండు రోజుల ముందే సభ ప్రవేశకార్డులు కూడా కోయడానికి నా దగ్గరికే వచ్చాయి. తెల్లవి ముఖ్య అతిథులకి. పసుపువి కుటుంబ సభ్యులకి, వేదిక ముందు మొదటి వరసల్లో. ఆకుపచ్చవి 'ఇతరులు' అన్నవాళ్ళకి, హాలు బయట టెంటులో, మైకు వినిపించేంత దూరంలో. పసుపు కార్డులు పుస్తకంలో కుటుంబ అధ్యాయంలో ఉన్నవాళ్ళకే ఇవ్వాలని డైరెక్టరుగారు సంతకం చేశారు. ఊరికే ఎవరెవరో చుట్టాలమంటూ ముందుకొచ్చి కూర్చోకుండా. అప్పటికి పసుపువి రెండే: మేడంగారి సొంత తమ్ముడు, గొడుగుల షాపాయనకొకటి, ఆయన భార్యకొకటి.

నేను కార్డులు కోస్తుంటే ఆవిడ అటుగా వచ్చి, బల్ల మీదున్న కార్డులూ వాటి పేర్ల జాబితాలూ చూసి, ఊరికే అడిగినట్టు అడిగింది. "ఆకుపచ్చవి ఎన్ని బాబాయ్?"

"నలభై మూడమ్మా."

"ఓహో" అని, జిగురు డబ్బా మూత తీసి వాసన చూసి వెళ్ళిపోయింది. నాకప్పుడేమీ తట్టలేదు. మేష్టారు చార్టు పట్టుకొచ్చింది ఆ తర్వాత మూడోరోజున. ఆ రెండు నలభై మూడులూ నా బల్ల మీదే పక్కపక్కన ఉన్నాయి. అయినా తట్టలేదు.

ఆరు రోజులుందనగా డైరెక్టరుగారు మేడంగారినీ మేష్టార్నీ పిలిపించారు. మేష్టారు నన్నూ వెంటబెట్టుకెళ్ళాడు. ఆయన బల్ల మీద ఒక పాత లావుపాటి పుస్తకం ఉంది. అట్ట చూడగానే గుర్తుపట్టాను, నేను కట్టిందే.

"మేడం, మీ ఇంటిపేరుతోనే పూర్వం ఒక పండిత వంశం ఉంది. ఏడు తరాలు. అందరూ ఖగోళ శాస్త్రం తెలిసినవాళ్ళు. దీన్ని మొదటి అధ్యాయంగా వేసేద్దాం. పుస్తకానికి నిండుగా ఉంటుంది."

"వాళ్ళు నాకేమవుతారు తమ్ముడూ?"

"ఇంటిపేరు ఒకటే కదా!"

"పేరొకటే కదా అని రెండు బూజుల్ని ఒక గొట్టంలో పెడితే, రుజువేదని నువ్వే నా వ్యాసం వెనక్కి పంపావు. పదమూడేళ్ళయింది. గుర్తుందా?"

డైరెక్టరుగారికి గుర్తున్నట్టే ఉంది. పేపరు వెయిట్ తిప్పుతూ, "మరి ఈ నలభై మూడు మందికి రుజువుందా?" అన్నారు.

"ఉంది." సంచీలోంచి కాగితాల కట్ట తీసి బల్ల మీద పెట్టింది. "సరిగ్గా పదహారు పేజీలొస్తుంది. పెదనాన్న లెక్క చూశాడు."

మేష్టారు కిటికీలోంచి బయటికి చూశాడు.

"మేడం, మీరు ప్రపంచానికి తెలిసిన శాస్త్రవేత్త. వంశవృక్షంలో సీసాలు కడిగే ఆవిడ, గేటు మనిషి... జనం నవ్వరా?"

 ఆవిడకి కోపం వస్తే బూజు గురించి మాట్లాడేది. ఆరోజు అదీ మాట్లాడలేదు.  ఇరవై ఏళ్ళలో ఆవిడ దగ్గర మాట లేకపోవడం నేను చూడటం అదే మొదటిసారి. నాకు భయం వేసింది.

"సార్, నాదో మాట" అన్నాను. "రేపటికి ఫారం రాకపోతే కుట్టు అవదు. మొదటి ఫారం లేకుండా కుడితే పుస్తకం పదిహేడో పేజీతో మొదలవుతుంది. మొదటి పదహారు పేజీలూ ఎవరో చించేశారనుకుంటారు జనం. ఎందుకు చించారా అని అడుగుతారు. పండితుల్ని వేస్తే, రుజువేదని అడుగుతారు. వచ్చేవాళ్ళంతా సైంటిస్టులు కదండీ."

డైరెక్టరుగారు నావైపు చూశారు. "మీరెవరు?"

"బైండరునండి" అన్నాను. తర్వాత ఏమైందో తెలీదు, చార్టు కళ్ళముందు కదిలింది. "మీకు బాబాయి వరస."

పేపరు వెయిట్ ఆగింది. ఆయన కాసేపు నన్ను, కాసేపు కట్టని చూసి, ఉన్నట్టుండి నవ్వేశారు. కట్ట మీద సంతకం పెడుతూ, "కాంటీన్ తాత నాకూ తాతేనా?" అని అడిగారు.

"సొంత తాత" అంది ఆవిడ.

మర్నాడు అచ్చయిన ఫారం వచ్చింది. మడత వేస్తూ మొదటి పేజీ చదివాను. మొదటి లైను, గొడుగుల తండ్రి, గొడుగుల తాత. వానాకాలంలో బాగుచేయడానికి వచ్చిన గొడుగుల గుట్ట, మడతల్లో పట్టిన బూజు, దాన్ని వేలితో తాకి చూసిన ఆరేళ్ళ పిల్ల. ఆ తర్వాత వరసగా చుట్టాలు. సూదిలో దారం ఎక్కించి, కుట్టడం మర్చిపోయి చదివాను.

కాంటీన్ తాత, బూజు పట్టిన రొట్టె పారేయకుండా కాగితంలో చుట్టి "ఇది మీకు పనికొస్తుందేమో చూడమ్మా" అని తెచ్చిచ్చిన మొదటి మనిషి. ఆ రొట్టె మీద సొరుగులోని పదకొండో గొట్టానికి అక్క దొరికింది. సీసాల పిన్ని, కడిగిన సీసాని ఎండకెత్తి చూసి "ఇది వేణ్ణీళ్ళకి కూడా పోవట్లేదమ్మాయ్" అని చెప్పింది. అలా వేడికి చావని ఒక కుటుంబం మొత్తం బయటపడింది. చెప్పులు కుట్టే తాత, తపాలా అన్నయ్య, పాత గోడల సున్నం గీకిచ్చిన మేస్త్రీ మామయ్య. నలభై మూడు మందికీ పక్కన గొట్టం నంబరుంది. తేదీ ఉంది. రుజువంటే అలా ఉండాలి.

ఎనిమిదో పేజీలో నేనున్నాను. నా జిగురుంది, మైలుతుత్తంతో సహా. అచ్చులో నా సంగతి చదవడం అదే మొదటిసారి. నాలుగుసార్లు చదివాను. ఆఖరి అధ్యాయం దాకా తెలియని మనిషికి మొదటి అధ్యాయంలోనే చోటు దొరికింది.

పద్నాలుగో పేజీ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. తర్వాత గబగబా లేచి ఆకుపచ్చ కార్డులతో వచ్చిన పేర్ల జాబితా వెతికి, పక్కన పెట్టి చూశాను. కాంటీన్ ఆయన, సీసాలావిడ, చెప్పులాయన, తపాలా ఆయన, బైండరు. 'ఇతరులు' జాబితాలో ఉన్న నలభై మూడు పేర్లూ ఆ పదహారు పేజీల్లో ఉన్నాయి. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. మేం అందరం ఆవిడది జబ్బనుకున్నాం. ఆవిడ అడుగు సొరుగు ఖాళీ చేస్తోంది.

పసుపు కార్డులు నలభై అయిదు కోశాను. ఆవిడే తిరిగి అందరికీ ఇచ్చింది. గేటు దగ్గర ఇచ్చేటప్పుడు నేనక్కడే ఉన్నాను.

"మామయ్యా, ఇదిగో నీ కార్డు."

ఆయన కళ్ళజోడు సవరించుకుని చూశాడు. "కుటుంబ సభ్యులు అని ఉంది మేడం. నేను కుటుంబ సభ్యుణ్ణి కాను. ముప్పై ఏళ్ళ సర్వీసులో తప్పుడు కార్డు మీద ఒక్కణ్ణి లోపలికి పోనివ్వలేదు. ఇప్పుడు నేనే వెళ్ళనా? నాకు ఆకుపచ్చది ఇప్పించండి."

"ఆకుపచ్చవి లేవు మామయ్యా. ఇతరులెవరూ మిగల్లేదు."

"అయితే నేను రాను" అని కార్డు తిరిగిచ్చేశాడు. రిజిస్టరు వైపు తిరిగి, ఎవరూ రాకపోయినా ఏదో రాయడం మొదలుపెట్టాడు. ఆవిడ ఆ పసుపు కార్డు సంచీలో పెట్టుకుని లోపలికి వెళ్ళింది. ఆరోజు ఆయన ఆవిడ కార్డు అడగడం మర్చిపోయాడు.

సభరోజు మధ్యాహ్నం, జిగురు తడి ఆరీ ఆరని పుస్తకాల కట్ట భుజాన వేసుకుని హాలుకి వెళ్ళాను. బయట టెంటులో నలభై మూడు కుర్చీలు, ఒక మైకు, ఒక్క మనిషి లేడు. అలా అనుకుంటూనే చూశాను, టెంటు స్తంభం పక్కన ఒకాయన నిలబడి ఉన్నాడు. తెల్ల చొక్కా, ఇస్త్రీ మడత. యూనిఫారం లేకపోవడంతో వెంటనే పోల్చుకోలేకపోయాను.

"రానన్నారుగా?"

"డ్యూటీ లేదు ఇవాళ. ఊరికే ఇటు వచ్చాను. ఇక్కణ్ణుంచే వింటాను."

"రండి సార్, లోపలికి వెళ్దాం."

"కార్డు లేకుండానా? నీకేమైనా మతిపోయిందా?" అన్నాడు గానీ, కాళ్ళు నాతో వచ్చాయి.

గుమ్మం దగ్గర ఎవరో కొత్త సెక్యూరిటీ మనిషి, అద్దెకి పిలిపించినవాడు. నా పసుపు కార్డు చూసి, "ఎవరి తాలూకు?" అన్నాడు.

"అమ్మాయి తాలూకు" అన్నాను. ఇరవై ఏళ్ళకి నోరు తిరిగింది. "బాబాయిని."

"మీరెవరి తాలూకు?" అని పక్కకి తిరిగాడు.

ఆ ప్రశ్న ఇన్నేళ్ళలో ఎంతమందిని అడిగాడో తాలూకా. తనని ఎవరూ అడగలేదనుకుంటాను. కార్డు కోసం చొక్కా జేబు తడుముకున్నాడు. ఇంట్లో ఎవరూ లేని మనిషని నాకు తెలుసు. గేటు గదిలోనే వండుకునేవాడు.

నేను కట్ట దించి పై పుస్తకం తీసి, పద్నాలుగో పేజీ తెరిచి సెక్యూరిటీ మనిషి చేతిలో పెట్టాను. అతను వేలు పెట్టి కూడబలుక్కుంటూ పైకే చదివాడు.

"'మేనమామ. రూలు ప్రకారం నా తడి గొడుగుని ఇరవై రెండేళ్ళు లోపలికి రానివ్వలేదు. గేటు గదిలో చీకటి మూలన పెట్టించేవాడు. ఆ మూలన గొడుగు గుడ్డకి పట్టిన బూజులోనే రెండువందల పద్నాలుగో గొట్టానికి చెల్లెలు దొరికింది. ఆ గొడుగు లోపలికి వచ్చి ఉంటే ఆ సొరుగు ఖాళీ అయ్యేది కాదు. మా వంశంలో గొడుగుని ఇంత బాగా అర్థం చేసుకున్న మనిషి మా నాన్న తర్వాత ఈయనే. (వరస ఆయన ఇంకా ఒప్పుకోలేదు.)'"

అతను తలెత్తాడు. "ఒప్పుకోలేదని ఉంది కదండీ?"

తాలూకా పుస్తకం అందుకుని ఆ పేజీ తనే చదివాడు. ఒకసారి సరిపోలేదు, రెండోసారి కూడా చదివాడు.

"అది పాత సమాచారం" అన్నాడు. "ఇప్పుడు ఒప్పుకున్నాను. రిజిస్టరుందా? రాసుకో. కాలమ్ ఖాళీగా వదలకు."

లోపల మొదటి వరసలో కాంటీన్ తాత పక్కన డైరెక్టరుగారు కూర్చుని ఉన్నారు. సీసాల పిన్ని పసుపు కార్డుతో విసురుకుంటోంది. నా కుర్చీ కాక ఇంకొక్కటి ఖాళీగా ఉంది, దానిమీద ఎవరూ కూర్చోకుండా ఒక గొడుగు పెట్టి ఉంది. అప్పుడే పతకం మెళ్ళో వేసుకుని వేదిక దిగుతున్న ఆవిడ మమ్మల్ని చూసి గబగబా వచ్చేసింది.

"మామయ్యా! కులాసానా?"

ఆయన కుర్చీలోంచి గొడుగు తీసి, పొడిగానే ఉందో లేదో తడిమి చూసి, పక్కన పెట్టాడు. తర్వాత చెయ్యి చాపాడు.

"కార్డేదమ్మాయ్?"

ఆవిడ మెళ్ళోంచి పతకం ఎత్తి చూపించింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని, పతకం చూసి, మొహం చూసి, పతకాన్ని వెనక్కి తిప్పి అక్కడున్న ముద్ర కూడా చూశాడు.

"సరే" అన్నాడు. "వెళ్ళు."